అంగన్‌వాడీకి ఇంకో మనిషిని ఇవ్వాలి

అమెరికా నుంచి సెలవులకు వరంగల్ వెళ్లే మనవాళ్లు చాలామంది ఊరి అంగన్‌వాడీకి ఏదైనా చేయాలనుకుంటారు. గోడలకు బొమ్మలు వేయిస్తారు, టీవీ కొనిస్తారు. మంచి మనసుతో చేసే పనే. కానీ పరకాల వైపైనా నర్సంపేట వైపైనా అక్కడ కొరత మనిషిది. పిల్లల ముందు కూర్చుని ఆడించే, మాట్లాడించే మనిషి కావాలి. ఆ జీతం సర్కారు ఖజానా నుంచే రావాలి.

లెక్క చూడండి. పిల్లల తిండికి కేంద్ర ప్రభుత్వం 2017లో ఖరారు చేసిన ఖర్చు తలకు రోజుకు 8 రూపాయలు, ఏడాదికి 300 రోజులు. ఇరవై మందికి 48,000. గుడ్డు ధర చూస్తే అదీ చాలదు, పెంచాల్సిందే. మరి ఆటవస్తువులుండే ప్రీస్కూల్ కిట్‌కు? అంగన్‌వాడీ మొత్తానికి ఏడాదికి 5,000. పిల్లకు రోజుకు రూపాయి కూడా పడదు. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975లో మొదలైనప్పుడే దాని ఆరు సేవల్లో ప్రీస్కూల్ విద్య ఒకటి!

టీచరమ్మ పొద్దంతా ఏం చేస్తుందో కూడా చూడాలి. బరువులు తూచాలి, పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ యాప్‌లో ఎక్కించాలి, గర్భిణులకు భోజనం చూడాలి, పసిపిల్లలకిచ్చే బాలామృతం పిండి పంచాలి. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే సరుకులకు ఫోన్‌లో ముఖం గుర్తింపు తప్పనిసరి అయింది. తాడ్వాయి, ఏటూరునాగారం అడవి పల్లెల్లో సిగ్నల్ దొరికేసరికే పొద్దు గడిచిపోతుంది. ఆయమ్మకు వంట, శుభ్రం చేసుకోవడంతోనే సరి. ఇక పిల్లలతో కూర్చునేదెవరు? కిట్ ఉన్నచోట కూడా, వస్తువు పగిలితే స్టాక్ రిజిస్టర్‌లో ఏం రాయాలోనన్న భయంతో పెట్టె తాళం తీయరు. మూడేళ్ల పిల్లకు పూసలు గుచ్చడం, ఐదేళ్ల పిల్లకు చింతగింజలతో లెక్కించడం నేర్పాలంటే రెండు గుంపులు చేయాలి. ఒక్కరే ఉంటే అందరితో కలిపి ఒక పాట పాడించి ఊరుకుంటారు. కోయ గూడెంలో, లంబాడా తండాలో ఇంకో చిక్కు. ఇంట్లో విన్న మాట అక్కడ వినపడక పిల్ల బువ్వ తిని, నోరు విప్పకుండానే ఇంటికి పోతుంది.

అందుకే కైకిలికి పోయే తల్లి కూడా అప్పు చేసి మరీ పిల్లను ప్రైవేటు బడి బస్సెక్కిస్తోంది. అక్కడ దొరికేది చాలాచోట్ల నాలుగు గీతల కాపీ పుస్తకం, మూడేళ్లకే ఏ బీ సీ డీ రాత. వేళ్లకు ఇంకా పట్టు రాని వయసులో రాయిస్తే పెన్సిల్ మీద విసుగు పుట్టడం తప్ప ఒరిగేదేమీ లేదు.

మూడో మనిషికి నెలకు 12,000 ఇస్తే ఏడాదికి 1,44,000. ఇరవై మంది పిల్లలకు పంచితే ఒక్కొక్కరికి నెలకు 600. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో లాటరీ డబ్బుతో 1993లో మొదలై, 1995 నుంచి నాలుగేళ్ల పిల్లలందరికీ తెరిచిన ప్రీ-కే అనే సర్కారు ప్రీస్కూల్‌లో తరగతికి ఒక టీచరు, ఒక సహాయకురాలు ఉంటారు. అట్లాంటాలో మన పిల్లలు ఎందరో అందులోనే చదివారు. ఇక్కడ మన పిల్లలకు చాలా అవసరమనుకున్నది ములుగులో పిల్లలకెందుకు అక్కర్లేదు?

చిన్నపిల్లలందరికీ మంచి ప్రీస్కూల్ చదువు అందించడానికి జాతీయ విద్యా విధానం 2020 పెట్టుకున్న గడువు 2030. ఊరికి వెళ్లినప్పుడు ఎమ్మెల్యేను కలిస్తే శాలువా కప్పి ఫొటో దిగి రాకండి. బడ్జెట్‌లో ఈ పోస్టు పెట్టమని రాతపూర్వకంగా అడగండి. గూడేల్లో, తండాల్లో ఆ పోస్టు ఇంటర్ చదివిన అక్కడి ఆడపిల్లకే ఇవ్వాలని, ప్రీస్కూల్ వేళల్లో ఆమెకు ఏ యాప్ పనీ అప్పగించవద్దని కూడా అందులోనే రాయండి.