ముందు కాళ్ళు చూడండి

"మీరు మిలిటరీ నుంచి వచ్చారు కదా, వీళ్ళను కాస్త గాడిలో పెట్టండి." రిటైరై ఇంటికి వచ్చిన ఈ 6 ఏళ్ళలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అనేవాళ్ళ ఉద్దేశం ఒక్కటే. గట్టిగా అరవండి, భయపెట్టండి, నోరెత్తనివ్వకండి. పోయిన మంగళవారం మళ్ళీ విన్నాను. ఈసారి ఊరుకోలేక ఇంత పొడుగున రాస్తున్నాను.

నేను పని చేసేది హైదరాబాదు శివార్లలో ఒక గోదాములో. 42 మంది కుర్రాళ్ళు అరల మధ్య తిరుగుతూ సరుకు ఏరి, పెట్టెలకెత్తి, లారీల్లోకి ఎక్కిస్తారు. 10 గంటల డ్యూటీ, దాదాపు అంతా కాళ్ళ మీదే. మంగళవారం ఒక కుర్రాడు వెనకబడ్డాడు. మేనేజరు అతన్ని అందరి ముందూ నిలబెట్టి నానా మాటలూ అన్నాడు. చివర్లో "అదే సైన్యంలో అయితే నీకు తెలిసొచ్చేది" అంటూ, సాక్ష్యం చెప్పమన్నట్టు నా వైపు చూశాడు. ఆయన వెళ్ళాక కుర్రాణ్ణి ఒక పెట్టె మీద కూర్చోబెట్టి బూట్లు విప్పమన్నాను. "వద్దు సార్, వాసన వస్తుంది" అని సిగ్గుపడ్డాడు. రెండు మడమల మీదా బొబ్బలు చితికి సాక్సులకు అంటుకుపోయి ఉన్నాయి. ఊడిపోయిన బూటు అడుగును ప్యాకింగ్ టేపుతో చుట్టుకుని పొద్దుటి నుంచి నడుస్తున్నాడు.

సైన్యంలో అయితే ఏం జరిగేదో నేను చెబుతాను. 17 ఏళ్ళు పదాతి దళంలో ఉన్నాను. అక్కడ ఆ కుర్రాడి కంటే ముందు అతని సెక్షన్ కమాండరును, అంటే పదిమంది జవాన్ల చిన్న జట్టును నడిపేవాణ్ణి, పిలిచి అడుగుతారు, "నీ జవాను కాళ్ళు చివరిసారి ఎప్పుడు చూశావు?" అని. వీపున బరువుతో దూరం నడిచి వచ్చాక తిండి కంటే ముందు జరిగేది కాళ్ళ తనిఖీ. అందరూ బూట్లు విప్పి వరుసగా కూర్చుంటారు. కమాండరు ఒక్కొక్కరి దగ్గరా ఆగి మడమలు, వేళ్ళ సందులు చూస్తాడు. నడవలేని సైనికుడి చేతిలో తుపాకీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

దీని అర్థం నాకు పూర్తిగా తెలిసింది సియాచిన్‌లో. 1984 ఏప్రిల్ నుంచి మన సైన్యం కాపలా ఉన్న ఆ మంచుగడ్డ మీద తూటాల కంటే వాతావరణమే ఎక్కువ మందిని పొట్టన పెట్టుకుంది. మా పోస్టులో మేం కొద్దిమందిమి, మాకొక లెఫ్టినెంటు. పాతికేళ్ళు కూడా ఉండవు, నాకంటే చిన్నవాడు. ఒక రాత్రి కాపలా దిగి వచ్చాక నా కుడికాలి వేళ్ళు నాకు తెలియడం మానేశాయి. చెబితే కిందికి పంపేస్తారని, పిరికివాడిననుకుంటారని దాచాను. ఆ అబ్బాయి రోజూలాగే టార్చిలైటు పట్టుకుని కాళ్ళు చూడటానికి వచ్చాడు. "బాగానే ఉన్నాను సాబ్" అన్నాను. వినలేదు. మోకాళ్ళ మీద కూర్చుని నా సాక్సు లాగేశాడు. వేళ్ళు మైనంలా తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఒక్క మాట మాట్లాడకుండా తన కోటు, లోపలి స్వెట్టరు పైకెత్తి నా పాదాన్ని తన పొట్టకు ఆనించుకున్నాడు. మంచుముద్ద లాంటి కాలు తగలగానే ఒళ్ళంతా జలదరించి పళ్ళు బిగించాడు కానీ వదల్లేదు. ఎంతసేపు అలా కూర్చున్నాడో నాకు తెలియదు. వేళ్ళలో సూదులు గుచ్చినట్టు నొప్పి మొదలయ్యాక "ఇప్పుడు బాగుంది" అని లేచి పక్క జవాను దగ్గరికి వెళ్ళాడు.

ఆ రోజు తరువాత ఆయన రమ్మంటే ఎక్కడికని అడిగేవాళ్ళం కాదు. ఆయన అరవగా నేను ఎప్పుడూ వినలేదు.

డెహ్రాడూన్‌లో ఆఫీసర్లను తయారుచేసే అకాడమీ 1932లో మొదలైనప్పుడు ఫీల్డ్ మార్షల్ చెట్‌వుడ్ చెప్పిన మాటలు ఇప్పటికీ అక్కడి హాలులో రాసి ఉన్నాయి. దేశ భద్రత, గౌరవం మొదట. నీ కింద ఉన్న మనుషుల గౌరవం, బాగోగులు, సౌకర్యం తరువాత. నీ సుఖం, నీ క్షేమం ఎప్పుడూ అన్నిటికంటే చివర. ఆ కుర్ర లెఫ్టినెంటుకు అవి గోడమీది మాటలు కావు.

నేను మాత్రం ఆ పాఠాన్ని ఒకసారి మరిచాను. హవల్దారునై రంగ్రూట్లకు, అంటే కొత్తగా చేరిన కుర్రాళ్ళకు, శిక్షణ ఇస్తున్న రోజుల్లో ఒక పిల్లవాడు పరుగులో వెనకబడితే పనిదొంగ అని తిట్టి, బరువుతో ఇంకో రౌండు పరుగెత్తించాను. సగంలో కూలబడ్డాడు. ఆస్పత్రిలో చూస్తే 103 డిగ్రీల జ్వరం. రాత్రి నుంచీ ఉందట. చెబితే వెనక బ్యాచిలోకి నెట్టేస్తామని దాచాడు. మా కంపెనీ కమాండరు నన్ను పిలిచి ఒక్కటే అడిగారు. "పొద్దున ఫాలిన్‌లో అతని ముఖం చూశావా?" ఫాలిన్ అంటే అందరూ వరుసగా నిలబడే హాజరు. చూడలేదు. వరుస సరిగ్గా ఉందా లేదా అన్నదే చూశాను. ఆ పిల్లవాడు బతికి బయటపడ్డాడు, మంచి సైనికుడయ్యాడు కూడా. కానీ నాకు భయపడి వాడు జ్వరాన్ని దాచుకున్నాడన్న సంగతి ఈనాటికీ నన్ను వదలలేదు. భయపెట్టేవాడికి కింద ఏం జరుగుతోందో ఎవరూ చెప్పరు. గోదాములో ఆ కుర్రాడు టేపు చుట్టుకున్నదీ అందుకే. బూట్లు పోయాయంటే ఆ రోజు కూలి పోతుందని.

పైవాడు వినకపోతే ఏమవుతుందో 1962 చైనా యుద్ధం చెబుతుంది. ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్ సరిహద్దులో నామ్‌కా చూ నది ఒడ్డున బ్రిగేడియర్ జాన్ దాల్వీ కింద 7వ బ్రిగేడును, అంటే కొన్ని బెటాలియన్ల దళాన్ని, నిలబెట్టారు. హిమాలయాల చలిలో నూలు యూనిఫారాలు, కాళ్ళకు కాన్వాసు బూట్లు. ఎదురుగా ఎత్తైన శిఖరం మీద చైనా సైన్యం. ఇక్కడ నిలబడలేమని, వెనక్కి తీసుకోవాలని కింది నుంచి చెబుతూనే ఉన్నారు. దాల్వీకి పై అధికారుల్లో ఒకరైన కోర్ కమాండరు లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం. కౌల్‌కు జబ్బు చేసి ఢిల్లీ చేరుకున్నారు. జబ్బు చేయడం ఎవరి తప్పూ కాదు. బాధ్యత ఇంకొకరికి అప్పగించకుండా ఢిల్లీలో ఇంట్లో మంచం మీద నుంచే పోరాటం నడపాలనుకోవడం తప్పు. అక్టోబరు 20 తెల్లవారుజామున దాడి మొదలైంది, కొన్ని గంటల్లో బ్రిగేడు చెల్లాచెదురైంది. దాల్వీ శత్రువుకు బందీగా చిక్కారు. తప్పు ఒక్క కౌల్‌ది కాదు, ఢిల్లీలో చాలామందిది. అయినా ఆ కాన్వాసు బూట్ల గురించి చదివినప్పుడల్లా నా కడుపు మండుతుంది. ఆదేశాలిచ్చిన గదుల్లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఒక్కసారి ఆ కాళ్ళు చూశారా?

దీనికి ఎదురుగా మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబును పెట్టుకుంటాను. కోరుకొండ సైనిక్ స్కూలులో చదివారు, బిహార్ రెజిమెంటు 16వ బెటాలియనుకు కమాండింగ్ ఆఫీసరు. 2020 జూన్ 15న లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో గొడవ తలెత్తినప్పుడు ఆయన ఎవరినో పంపి ఊరుకోవచ్చు. స్వయంగా తన జవాన్లతో వెళ్ళారు. ఆ రాత్రి ఆయనతో కలిపి 20 మంది మన సైనికులు ప్రాణాలిచ్చారు. మరణానంతరం ఆయనకు మహావీర్ చక్ర ఇచ్చారు.

సైన్యంలో అందరూ దేవుళ్ళని చెప్పను. జవాన్ల చేత ఇంటి కూరగాయలు మోయించిన ఆఫీసర్లను చూశాను, తన పొరపాటును కిందివాడి మీదికి నెట్టినవాళ్ళనూ చూశాను. అలాంటివాళ్ళకు సెల్యూట్ చేశాం, వాళ్ళ వెంట మనసుతో నడవలేదు. జవాన్లకు ఆ తేడా ఒక్క వారంలో తెలిసిపోతుంది. గోదాము కుర్రాళ్ళకూ తెలుసు.

కాబట్టి మేనేజరు గారూ, సైన్యం పేరు వాడుకోవాలంటే మొత్తం వాడుకోండి. ముందు మీవాళ్ళు తిన్నాక మీరు తినండి. వాళ్ళు కూర్చోవడానికి నాలుగు బల్లలు వేయించండి. లెక్క తప్పినప్పుడు పైవాళ్ళ ముందు మీరు నిలబడండి. అప్పుడు మిలిటరీ క్రమశిక్షణ గురించి నాతో మాట్లాడండి, పొద్దుపోయేదాకా మాట్లాడతాను.

ఆ కుర్రాడి కాలికి మందు రాసి, ఆ రోజుకు కూర్చుని చేసే లేబుళ్ళ పనికి మార్చాను. మరునాడు ఒక నోటుపుస్తకం తీసుకుని ఒక్కొక్కరి కాళ్ళు చూసి, ఎవరికి ఏ నంబరు బూటు కావాలో రాయడం మొదలుపెట్టాను. మొదట నవ్వుకున్నారు, తరువాత వాళ్ళే వచ్చి చూపించారు. ఇప్పటికి 19 మందివి అయ్యాయి. కంపెనీ కొనకపోతే ఏం చేయాలో ఇంకా ఆలోచించలేదు. రేపటి షిఫ్టులో మిగిలిన 23 మందివి చూడాలి.