మెసేజ్‌లు ఆపుతోంది మీ ఫోనే, నెట్‌వర్క్‌ని తిట్టి లాభం లేదు

మెసేజ్ లేటుగా వస్తోందని ఎవరన్నా అంటే చాలు, సలహాలు మొదలైపోతాయి. ఫోన్ రీస్టార్ట్ చెయ్, ఫ్లైట్ మోడ్ పెట్టి తియ్, యాప్ అప్‌డేట్ చేసుకో, క్యాష్ క్లియర్ చెయ్, ఏదీ కుదరకపోతే అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఎక్కించు. ఇవన్నీ చేసి చూసినవాళ్లకి తెలుసు, ఒక పూట బాగానే ఉంటుంది, రాత్రికి కథ మళ్లీ మొదటికొస్తుంది. ఎందుకంటే ఈ సలహాలన్నీ నెట్ సరిగ్గా లేదనో యాప్ పాడైందనో అనుకుని ఇచ్చేవే. నెట్ శుభ్రంగా ఉండి, యాప్ ఓపెన్ చెయ్యగానే అప్పటిదాకా ఆగినవన్నీ టింగు టింగుమంటూ ఒకేసారి వచ్చి పడుతున్నాయంటే మాత్రం వాటిని ఆపింది చాలాసార్లు మీ చేతిలో ఉన్న ఫోనే. అదేదో రిపేరొచ్చి కూడా కాదు, కంపెనీ దాన్ని అలాగే తయారుచేసి మీకు అమ్మింది.

ఎలాగో చెప్తాను. మెసేజింగ్ యాప్ రోజంతా మేలుకుని నాకేమన్నా వచ్చిందా అని సర్వర్‌ని అడుగుతూ కూర్చోదు. ఆండ్రాయిడ్‌లో అన్ని యాప్‌ల తరఫునా గూగుల్ ప్లే సర్వీసెస్ ఒక్కటే గూగుల్ సర్వర్‌తో ఒక కనెక్షన్ తెరిచి పెట్టుకుంటుంది, ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్ అంటే ఇదే, ఐఫోన్‌లో అయితే 2009 నుంచి యాపిల్ సొంత పుష్ సర్వీస్ ఆ పని చూస్తోంది. ఎవరన్నా మీకు మెసేజ్ పెడితే ఆ దారిలో ఒక చిన్న కబురొస్తుంది, ఫోన్ ఆ యాప్‌ని లేపుతుంది, యాప్ వెళ్లి మెసేజ్ తెచ్చుకుని మళ్లీ పడుకుంటుంది.

2015లో ఆండ్రాయిడ్ 6తో బ్యాటరీ ఆదా చెయ్యడానికి డోజ్ అనేది వచ్చింది. ఫోన్ ఛార్జింగ్‌లో లేకుండా, స్క్రీన్ ఆఫ్ అయి, కదలకుండా ఒకచోట కొంతసేపు పడుంటే యాప్‌లకి నెట్ ఆపేస్తుంది, మధ్యమధ్యలో కాసేపు వదిలి పనులు కానిచ్చుకోమంటుంది, టైమ్ గడిచేకొద్దీ ఆ అవకాశాలు కూడా తగ్గిపోతాయి. కానీ డోజ్‌ని రాసినవాళ్లు మెసేజ్‌ల గురించి ఆలోచించే రాశారు, సర్వర్ నుంచి హై ప్రయారిటీ అని గుర్తు పెట్టిన కబురొస్తే ఫోన్ ఎంత గాఢనిద్రలో ఉన్నా ఆ యాప్‌ని లేపాలి. అంటే ఇక్కడిదాకా అంతా సవ్యంగానే ఉంది.

అసలు గొడవ దానిపైన ఫోన్ కంపెనీలు తగిలించిన సొంత బ్యాటరీ సేవర్లతో వచ్చింది. ఒకరు ఆటోస్టార్ట్ అంటారు, ఇంకొకరు స్లీపింగ్ యాప్స్, డీప్ స్లీపింగ్ యాప్స్ అంటారు, పేర్లేవైనా అవి చేసేది యాప్‌ని తనంతట తాను లేవకుండా కట్టెయ్యడమే. కొన్ని ఫోన్లలో రీసెంట్స్‌లోంచి, అంటే ఈమధ్య తెరిచిన యాప్‌ల లిస్టులోంచి, యాప్‌ని పైకి తోసేస్తే అది ఫోర్స్ స్టాప్ చేసినట్టే లెక్క. ఫోర్స్ స్టాప్ సంగతేంటంటే, 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3.1 నుంచీ ఒక రూల్ ఉంది, అలా ఆపేసిన యాప్‌ని మామూలుగా యూజర్ తన చేత్తో తెరిచేదాకా సిస్టమ్ లేపదు, పుష్ కబుర్లు కూడా దానికి అందవు. రోజూ పడుకునే ముందు రీసెంట్స్ అన్నీ శుభ్రంగా ఊడ్చేసే అలవాటున్నవాళ్లు రాత్రి మెసేజ్‌లన్నీ పొద్దున చూసుకోవడానికి ఒక పెద్ద కారణం ఇదే, ర్యామ్ క్లీన్ చేస్తామనే బూస్టర్ యాప్‌లు కూడా ఇదే కోవలోకి వస్తాయి కాబట్టి అవేమన్నా ఉంటే ముందు తీసి పారెయ్యండి.

మీ ఫోన్ సంగతి తేల్చుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ఒక రాత్రి ఛార్జర్ పెట్టి ఉంచండి, ఇంకో రాత్రి తీసి పెట్టండి. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు టైమ్‌కి వచ్చి, తీసేస్తే లేటవుతుంటే ముందు అనుమానించాల్సింది బ్యాటరీ సేవింగ్‌నే. వాట్సాప్ అయితే పంపినవాళ్లని టిక్‌లు చూసి చెప్పమనండి. ఒక్క టిక్ అంటే వాళ్ల దగ్గర్నుంచి వెళ్లింది గానీ మీ ఫోన్‌కి చేరలేదు, రెండు టిక్‌లు పడి కూడా మీకు చప్పుడు రాలేదంటే మెసేజ్ వచ్చేసింది, నోటిఫికేషనో డు నాట్ డిస్టర్బో చూసుకోవాలి. ఈ రెండూ వేర్వేరు జబ్బులు, మందులూ వేరు, మన సలహాల్లో రెండిటినీ కలిపేస్తారు, అందుకే పని కావడం లేదు.

మందు పెద్ద కష్టమైనదేం కాదు. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేజీకెళ్లి బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టండి, ఆటోస్టార్ట్ ఉంటే ఆన్ చెయ్యండి, డేటా సేవర్ వాడుతుంటే ఈ ఒక్క యాప్‌కి మినహాయింపు ఇవ్వండి. ఐఫోన్‌లో లో పవర్ మోడ్, ఫోకస్ చూసుకోండి. ఫోన్‌లో తేదీ, టైమ్ తప్పుగా ఉన్నా సెక్యూర్ కనెక్షన్ కుదరదు, అదీ ఒకసారి చూడండి. నెట్‌వర్క్ తప్పు అస్సలు ఉండదని నేననను, చాలాసేపు కదలిక లేని కనెక్షన్‌ని రూటరో టెలికాం నెట్‌వర్కో చెప్పకుండా తెంపేస్తుంది, ఫోన్ మళ్లీ పలకరించి చూసుకునేదాకా ఆ సంగతి దానికి తెలీదు. కానీ అలాంటి లేటు మామూలుగా కొన్ని నిమిషాలు, రాత్రంతా ఉండదు.

కంపెనీల వాదనలో న్యాయం లేకపోలేదు. బ్యాటరీ చిన్నది, ఒకప్పుడు యాప్‌లు ఇష్టమొచ్చినట్టు ఫోన్‌ని మేలుకునేలా చేసి సాయంత్రానికి ఛార్జింగ్ ఊడ్చేసేవి, అడ్డుకట్ట వెయ్యాల్సిందే. ఒప్పుకుంటాను. కానీ ఆ అడ్డుకట్ట డోజ్ రూపంలో వచ్చేసింది కదా, పుష్ కనెక్షన్ ఎలాగూ అన్ని యాప్‌లకీ కలిపి ఒక్కటే కదా, ఒక చాట్ యాప్‌ని చంపితే ఆ కనెక్షన్ ఖర్చేమీ తగ్గదు, తగ్గేది మెసేజ్ వచ్చినప్పుడు లేచే ఆ కొద్ది క్షణాల ఖర్చే. ఆ కాస్త బ్యాటరీ కోసం ఫోన్ అసలు పనినే ఆపేస్తున్నారు.

నాకు ఒళ్లు మండేది ఆపినందుకు కాదు, చెప్పకుండా ఆపినందుకు. ఫలానా యాప్ బ్యాక్‌గ్రౌండ్‌లో బ్యాటరీ తింటోందని ఫోన్ మనకి పనిగట్టుకుని నోటిఫికేషన్ ఇస్తుంది. మీ మెసేజింగ్ యాప్‌ని రాత్రి 11 గంటలకి ఆపేశాను, ఇప్పటిదాకా దానికేమీ అందలేదు అని ఎప్పుడన్నా చెప్పిందా? చెప్పదు. దాంతో ఈ తప్పు మనుషుల మీద పడుతోంది. నువ్వే చూసి ఊరుకున్నావ్ అని ఒకరు, నాకసలు రాలేదని ఒకరు, ఇద్దరూ నిజమే చెప్తున్నారు, ఇద్దరూ ఒకర్నొకరు నమ్మరు. షుగర్ లెవల్ పడిపోతే అలారం కొట్టే యాప్‌లూ, మందుల టైమ్ గుర్తుచేసే యాప్‌లూ ఇదే సేవర్ కింద పనిచెయ్యాలి, అక్కడ లేటైతే నష్టం మాట పట్టింపులతో పోదు.

ఇంకో అన్యాయం ఎవరూ పట్టించుకోనిది. కొన్ని కంపెనీలు బాగా పాపులరైన యాప్‌లని ముందే మినహాయింపు లిస్టులో పెట్టి ఫోన్ అమ్ముతాయి. పెద్ద యాప్ మెసేజ్ టైమ్‌కొస్తుంది, నలుగురు కుర్రాళ్లు కలిసి చేసిన కొత్త చాట్ యాప్ మెసేజ్ రాదు, జనం కొత్తదే బాలేదని తీసేస్తారు. యాప్ డెవలపర్లు ఈ బాధ భరించలేక డోంట్ కిల్ మై యాప్ అని ఒక సైటే పెట్టి, ఏ కంపెనీ ఫోన్ యాప్‌లని ఎంత దారుణంగా చంపుతుందో ర్యాంకులిచ్చి చూపిస్తున్నారు. డబ్బు పెట్టి ఫోన్ కొన్నది మనం, ఏ యాప్ బతకాలో ఏది చావాలో తేల్చేది తయారుచేసినవాళ్లు, వాళ్ల లిస్టులో ఏముందో మనకి చూపించరు. 1992లో మొదటి ఎస్ఎంఎస్ వెళ్లినప్పటి నుంచీ మామూలు ఫోన్‌కి మెసేజ్ అందించడం నెట్‌వర్క్ బాధ్యత, ఫోన్ ఆఫ్‌లో ఉంటే సెంటర్లో దాచి ఆన్ చెయ్యగానే ఇచ్చేది, మధ్యలో ఫోన్ కంపెనీ వచ్చి దీన్ని లేపను అనే ప్రశ్నే లేదు.

సెట్టింగ్స్‌లో బ్యాటరీ పేజీలో ఏ యాప్ ఎంత శాతం తిన్నదో చూపించే చోటే, ఏ యాప్‌ని ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ఆపారో కూడా చూపించాలి, మినహాయింపు లిస్టు మన కళ్లముందు పెట్టాలి, మార్చుకునే హక్కు ఇవ్వాలి. ఆ రోజు వచ్చేదాకా పైన చెప్పిన సెట్టింగ్స్ మీరే మార్చుకోండి, మార్చి వదిలెయ్యకుండా సిస్టమ్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ వెళ్లి చూడండి, కొన్ని ఫోన్లలో అప్‌డేట్ అవగానే అవి చెప్పాపెట్టకుండా పాతదానికే వెళ్లిపోతాయి.