ఒక మార్కు కనబడుటలేదు

ఆనవాళ్లు: పూర్ణసంఖ్య, ఆకుపచ్చ రంగు, విలువ ఒకటి. చివరిసారి కనిపించిన చోటు విమర్శకుల మార్కులన్నీ కలిపి వందకు ఒకే అంకె చేసే మెటాక్రిటిక్ వెబ్‌సైట్‌లో ‘హొరైజన్ జీరో డాన్’ అనే వీడియో గేమ్ పక్కనున్న గడి, సంవత్సరం 2017. అప్పుడు ఆ గడిలో 89 ఉంది. 2022 ఫిబ్రవరిలో సీక్వెల్ ‘హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్’ వచ్చాక చూస్తే 88 ఉంది. ముప్ఫై ఒకటో శతాబ్దపు అడవుల్లో యంత్రమృగాలను వేటాడే ఏలాయ్ అనే అమ్మాయి కథను ఆమ్‌స్టర్‌డామ్‌లోని గెరిల్లా స్టూడియో ఐదేళ్ల తర్వాత ఇంకా పెద్దదిగా, ఇంకా నునుపుగా తెచ్చింది. మొదటిదానికన్నా మెరుగని విమర్శకుల్లో చాలామంది రాశారు కూడా. మెరుగైనది ఒక మార్కు తక్కువెలా అయింది? దీన్ని తేల్చడానికే ఈ ఏకసభ్య విచారణ. నియామక ఉత్తర్వులు ఎవరూ ఇవ్వలేదు. ఎవరూ చూపించమనీ అడగలేదు.

ఒక్క మార్కే కదా, పోతే పోనీ అనేవారికి ముందుగా ఒక దస్తావేజు. ప్రళయం తర్వాతి లోకంలో నడిచే ‘ఫాలౌట్: న్యూ వేగస్’ 2010లో వచ్చింది. చేసింది అబ్సిడియన్ స్టూడియో. మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ అని ఒప్పందం. వచ్చింది 84. బోనస్ రాలేదు. ఈ సంగతి 2012లో ఆ స్టూడియో వ్యవస్థాపకుల్లో ఒకరే బయటపెట్టారు. 84ను 85 చేయడానికి ఏం కావాలో లెక్క వేద్దాం. 80 రివ్యూలున్నాయనీ, అన్నింటికీ సమాన విలువేననీ అనుకుంటే మొత్తంలో 80 పాయింట్లు పెరగాలి. పదికి మార్కులేసే పత్రికలో 8ని 9 చేస్తే పెరిగేది పది పాయింట్లు. అంటే ఎనిమిది మంది విమర్శకులు ఆ పూట కాస్త మంచి నిద్రపోయి లేచి ఉంటే సరిపోయేది. పైగా అన్ని రివ్యూలకూ సమాన విలువ ఉండదు. ఏ పత్రిక మాటకు ఎంత బరువో మెటాక్రిటిక్ వారు చెప్పరు. కాబట్టి ఆ ఎనిమిది మంది ఐదుగురే కావచ్చు, పదిహేను మందీ కావచ్చు. ఒక స్టూడియో జీతభత్యాలు ఇంత శాస్త్రీయమైన పునాది మీద నిలబడ్డాయని తెలిశాక ఈ విచారణ ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

మార్కులేసే చోటే మార్కు జారిపోయిందేమో అన్న అనుమానంతో కొలమానాన్ని కూడా తనిఖీ చేశాం. సినిమాకు 61 వస్తే బాగుందని చెప్పే ఆకుపచ్చ గడి. గేమ్‌కు 75 రావాలి. ఐదు నక్షత్రాల పద్ధతిలో నాలుగిస్తే 80, ఐదిస్తే 100. మధ్యలో అర నక్షత్రం లేని పత్రికలో 88 అనే అభిప్రాయం కలగడానికే వీల్లేదు. అక్షరాల్లో గ్రేడ్ ఇచ్చేవారి పరిస్థితి మరీ విచిత్రం. ‘పర్వాలేదు, బాగానే ఉంది’ అన్న ఉద్దేశంతో బి మైనస్ వేస్తే మెటాక్రిటిక్ దాన్ని 67 చేసి పసుపు గడిలో కూర్చోబెడుతుంది. సి వేస్తే 50. బడిలో సి తెచ్చుకున్న పిల్లవాడికి ఇంట్లో తిట్లు పడతాయి, ఇక్కడ మాత్రం సగం ప్రాణం పోతుంది. ఈ గొడవంతా ఎందుకని గేమ్‌ల వెబ్‌సైట్ యూరోగేమర్ 2015లో మార్కులు ఎత్తేసింది. 2023లో నక్షత్రాలతో తిరిగొచ్చింది.

ఇక మొదటి ముద్దాయి ఆటే. సీక్వెల్ మీద మోపే నేరాలు రెండే రెండు: మొదటి భాగంలాగే ఉండటం, మొదటి భాగంలా లేకపోవడం. అనుభవమున్న విమర్శకుడు రెండింటినీ ఒకే పేరాలో మోపగలడు. జీరో డాన్‌లో నైపుణ్యాలు ఒక్కొక్కటే పెంచుకునే స్కిల్ ట్రీలు మూడు, సీక్వెల్‌లో ఆరు. ఒక్కో చెట్టుకు రెండు చొప్పున వేలర్ సర్జ్‌లనే ప్రత్యేక శక్తులు, మొత్తం పన్నెండు. గాల్లో తేలడానికి షీల్డ్‌వింగ్, తాడు విసిరి లాక్కోవడానికి పుల్‌కాస్టర్, నీళ్లలో మునిగే వీలు, పైగా బల్ల మీద ఆడే మెషీన్ స్ట్రైక్. ‘కొత్తదనం తక్కువ’ అన్నారు. ‘మరీ ఎక్కువ పెట్టేశారు’ అని కూడా అన్నారు. కొండలెక్కడం సంగతి మరీ చోద్యం. మొదటి ఆటలో గుర్తు పెట్టిన అంచుల మీదే ఎక్కనిస్తున్నారని ఫిర్యాదు వస్తే, రెండో ఆటలో చాలా రాతిగోడలను ఎక్కేలా చేశారు. ఎక్కడ పట్టు దొరుకుతుందో ఏలాయ్ చెవి దగ్గరుండే ఫోకస్ అనే పరికరం నొక్కితే పసుపు గీతల్లో కనిపిస్తుంది. ఇప్పుడు ఫిర్యాదు, గోడల్లో కొన్నే ఎక్కనిస్తున్నారు, అన్నీ ఎందుకు ఎక్కనివ్వరని. స్వేచ్ఛ అంతే. లేనప్పుడు ఎవరూ కొలవరు.

రెండో ముద్దాయి ఏలాయ్ నోరు. ఈ కేసులో సాక్ష్యాధారాలు పుష్కలం కాబట్టి కాస్త ఆగి చూడాలి.

జీరో డాన్‌లో సంచి ఊరికే నిండిపోయేది. యంత్రం కూలాక దాని భాగాలు ఏరుకుందామంటే ‘చోటు లేదు’. ఏదో ఒకటి పారేయాలి, లేదా అమ్ముకోవాలి. దీని మీద ఫిర్యాదులు వచ్చాయి, న్యాయమైనవే. సీక్వెల్‌లో చక్కటి పరిష్కారం చేశారు: సంచి నిండాక ఏరుకున్నదంతా తనంతట తానే స్టాష్ అనే గిడ్డంగికి పోతుంది. ఆటగాడికి ఈ సంగతి తెలియాలి కదా? అందుకని ఏలాయ్ చేత చెప్పించారు. చిక్కల్లా ఇక్కడే. ఎటైనా తిరగనిచ్చే ఓపెన్ వరల్డ్ గేమ్‌లో ఏరుకోవడం అనేది గంటకు కొన్ని పదుల సార్లు జరిగే పని. ఒక సంఘటనకు ఒక డైలాగు తగిలించినప్పుడు, ఒకసారి పలికాక మళ్లీ ఎంతసేపటిదాకా పలకకూడదో కూడా రాయాలి. ఆ విరామం చాలకపోతే ప్రపంచాన్ని కాపాడాల్సిన వీరవనిత గోదాం గుమస్తాలా ప్రతి పుల్లకూ రసీదు చదువుతుంది. అలాగే చదివింది. జనం గోల పెట్టాక, విడుదల తర్వాత పంపే దిద్దుబాటులో, అంటే ప్యాచ్‌లో, ఆ మాటలు తగ్గించారు.

పజిల్స్ దగ్గరా ఇదే జబ్బు. గదిలోకి అడుగుపెట్టి పైకప్పు వైపు చూసేలోపే ‘ఆ పెట్టెను లాగితే సరిపోతుందేమో’ అని ఆమె తనలో తాను అనుకుంటుంది, మనకు వినబడేలా. విడుదలకు ముందు ఆడించి చూసే ప్లేటెస్టుల్లో ఎవరు ఏ గదిలో ఎన్ని నిమిషాలు ఇరుక్కుపోయారో నమోదు చేస్తారు. ఇరుక్కున్న చోటల్లా ఒక సూచన పడుతుంది. ఆలోచిస్తూ నిలబడినవాడూ దారి తెలియక నిలబడినవాడూ ఆ పట్టికలో ఒకేలా కనిపిస్తారు. సూచనల వేగాన్ని తగ్గించుకునే మీట సెట్టింగ్స్‌లో పెడితే పోయేదానికి విమర్శకుల చేత తలా ఒక పేరా రాయించుకున్నారు.

ప్యాచ్‌తో మాటలు తగ్గాయి కదా, మరి మార్కు తిరిగొచ్చిందా? రాదు. పత్రిక మొదట వేసిన మార్కునే మెటాక్రిటిక్ లెక్కలోకి తీసుకుంటుంది, తర్వాత మనసు మార్చుకున్నా పట్టించుకోదు. ఆట నెలనెలా మారుతుంది. తీర్పు విడుదలకు ముందున్న రూపం మీద శిలాశాసనమై ఉంటుంది. నిర్దోషి అని తేలాక కూడా జైల్లోనే ఉంచే న్యాయవ్యవస్థ ఇదొక్కటే అనలేం గానీ, ఖైదీ నెంబరును ఇంత పెద్ద అక్షరాల్లో ఇంకెక్కడా వేయరు.

మూడో ముద్దాయి విమర్శకుడి గడియారం. దీన్ని విచారించడానికి ఎవరూ ఇష్టపడరు, ఎందుకంటే అసలు దొంగ ఇక్కడే ఉన్నాడన్న అనుమానం బలంగా ఉంది. ఫర్బిడెన్ వెస్ట్ ప్రధాన కథకు సుమారు 30 గంటలు. సైడ్ క్వెస్టులు, వేటస్థలాలు, శిథిలాలు కలుపుకుంటే రెట్టింపు దాటుతుంది. ఆట ఫిబ్రవరి 18న వచ్చింది, అప్పటిదాకా రివ్యూలు ప్రచురించరాదన్న ఎంబార్గో 14న తొలగింది. 14న ఉదయం రివ్యూ ప్రచురించకపోతే ఆ తర్వాత చదివేవాడు ఉండడు. మామూలు ఆటగాడు పని నుంచి వచ్చి రాత్రిపూట గంటన్నర ఆడితే 60 గంటలకు 40 రాత్రులు పడుతుంది. అదే సరుకును విమర్శకుడు రోజుకు పది గంటల చొప్పున ఆరు రోజుల్లో మింగాలి. ఆరో రోజు రాత్రి మ్యాప్ తెరిస్తే ఇంకా వెలుగుతున్న ప్రతి గుర్తూ వాడికి అప్పులవాడిలా కనబడుతుంది. అప్పుడు రాస్తాడు: ‘ఓపెన్ వరల్డ్ అలసట’. అలసట నిజమే, ఎవరిదన్నదే ప్రశ్న. గిడ్డంగి డైలాగు మనకు నెలన్నరలో వినబడేంత వాడికి ఆరు రోజుల్లో వినబడింది.

అందుకని రివ్యూ చదివేటప్పుడు మార్కు మీద చేయి అడ్డం పెట్టుకుని నాలుగు సంగతులు వెతకండి: ఏ మెషీన్ మీద ఆడాడు, ఎన్ని గంటలు, ఏ మోడ్‌లో, విడుదల రోజు వచ్చే డే వన్ ప్యాచ్‌కు ముందా తర్వాతా. మెషీన్ ఎందుకంటారా? 2020 డిసెంబరులో ‘సైబర్‌పంక్ 2077’ విడుదలకు ముందు విమర్శకులకు ఇచ్చింది పీసీ వెర్షన్ ఒక్కటే, సొంతంగా రికార్డు చేసిన వీడియోలు చూపించడానికీ వీల్లేదన్నారు. మార్కులు ఘనంగా వచ్చాయి. పీఎస్4 అనే సోనీ మెషీన్ కోసం కొన్నవాళ్లు తెర మీద చూసింది వేరే ఆట. వారం తిరిగాక సోనీ దాన్ని స్టోరు నుంచే తీసేసింది. అది సీక్వెల్ కాదు కాబట్టి మా పరిధిలోకి రాదు. అయినా రాశాం.

మోడ్ సంగతి క్లుప్తంగా. పీఎస్5లో ఫర్బిడెన్ వెస్ట్‌కు రెండు దారులుండేవి: సెకనుకు 30 ఫ్రేములతో స్ఫుటమైన బొమ్మ, లేదా 60 ఫ్రేములతో మెత్తని కదలిక, దాంతోపాటు మసక, ఆకుల అంచుల్లో మిణుకు మిణుకు. కొన్ని నెలల తర్వాత సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చే 120 హెర్ట్జ్ టీవీలున్నవారికి 40 ఫ్రేముల మోడ్ ఇచ్చారు. ఫ్రేముకు 25 మిల్లీసెకన్లు. 30కి 33.3, 60కి 16.7, కాబట్టి అంకె చూస్తే 30కి దగ్గరగా ఉన్నట్టున్నా కాలం లెక్కలో సరిగ్గా నడిమధ్య. ఆటలో అత్యుత్తమ మోడ్ ఇదే. రివ్యూల్లో దీని ఊసే లేదు, అప్పటికి పుట్టలేదు మరి.

నాలుగో ముద్దాయి క్యాలెండర్. 2017లో జీరో డాన్ వచ్చిన మూడు రోజులకే కొత్త జెల్డా ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ దిగింది, 97 తెచ్చుకుంది. గెరిల్లా వారు పాఠం నేర్చుకున్నారు. ఈసారి మూడు రోజులు కాదు, పూర్తిగా ఏడు రోజుల ఎడం చూసుకున్నారు. ఏడో రోజున, ఫిబ్రవరి 25న, ‘ఎల్డెన్ రింగ్’ వచ్చింది, అదీ జెల్డాలాగే జపాన్ నుంచి. 96. పద్నాలుగో తేదీన ‘దారి చక్కగా చూపిస్తుంది’ అని మెచ్చుకున్న మ్యాప్ గుర్తులే నెలాఖరుకు ‘చేయి పట్టి నడిపించడం’ అయ్యాయి. ఆటలో అక్షరం మారలేదు. మారింది పక్కనున్న ఆట. మూడో భాగానికి ముహూర్తం పెట్టేముందు ఎవరైనా జపాన్ వైపు ఒకసారి తొంగి చూస్తే మంచిది.

చివరగా ప్రజాసాక్షులు, అంటే తామూ మార్కులేసే మామూలు ఆటగాళ్లు. వీరిలో మంచి విమర్శకులు లేరని కాదు. 2012లో ‘మాస్ ఎఫెక్ట్ 3’కి పత్రికలు 93 ఇచ్చాయి. మూడు ఆటల పాటు తీసుకున్న నిర్ణయాలన్నీ చివరికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగుల వెలుగుల్లో కలిసిపోయాయని ఆడినవారు కోపగించుకున్నారు. అభిమానులు చందాలు వేసుకుని ఎడ్మంటన్‌లోని బయోవేర్ స్టూడియోకు 400 కప్‌కేకులు పంపారు. పైన క్రీము మూడు రంగుల్లో, లోపల రుచి ఒకటే. అంతకన్నా కచ్చితమైన రివ్యూ ఈ విచారణకు ఎక్కడా దొరకలేదు. మార్కు లేదు, ఎంబార్గో లేదు, వాదన మొదటి కొరుకులోనే అర్థమవుతుంది. ఆ జూన్‌లో స్టూడియో ముగింపును పొడిగించి ఉచితంగా ఇచ్చింది.

తక్కినవారి సంగతి వేరు. 2020 జూన్‌లో ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ విడుదలైన రోజే, ఆట పూర్తిచేసే వ్యవధి కూడా లేకుండా సున్నాలు కురిశాయి. 2023లో ఫర్బిడెన్ వెస్ట్ అనుబంధం ‘బర్నింగ్ షోర్స్’కూ అదే వర్షం. కారణం ఏలాయ్ మరో అమ్మాయిని ముద్దు పెట్టుకునే దృశ్యం. అది కథ చివర వస్తుంది, అదీ ఆటగాడు ఎంచుకుంటేనే. అంటే సున్నా వేసినవారిలో కొందరు ఆట మొత్తం ఓపిగ్గా ఆడి, తగిన మీట తామే నొక్కి, ఆపైన నొచ్చుకుని ఉండాలి. లేదా కొనకుండానే నొచ్చుకుని ఉండాలి. రెండోది చవక.

ఈ వరదను ఆపడానికి 2020 జూలైలో మెటాక్రిటిక్ ఒక నియమం తెచ్చింది: గేమ్ విడుదలయ్యాక 36 గంటలు గడిచేదాకా వినియోగదారులు మార్కు వేయరాదు. ఆలోపు ఆడి చూడండి అని భావం. ఈ నియమం చాలా గొప్పదని మా విచారణ అభిప్రాయం. సమానత్వం కోసం దీన్ని పత్రికలవారికీ వర్తింపజేయాలి. విడుదలయ్యేదాకా ఆట తెరిచే కోడ్ ఇవ్వకూడదు, 36వ గంట కొట్టగానే రివ్యూ పెట్టేయాలి. ప్రధాన కథకు 30 గంటలు పోను ఆరు గంటలు మిగులుతాయి. అందులో నాలుగు నిద్రకు, ఒకటి తిండికి, మిగిలిన గంట ‘యంత్రాల వైవిధ్యం అబ్బురపరుస్తుంది, కానీ నిడివి కాస్త ఎక్కువైంది’ అన్న వాక్యాన్ని పాత రివ్యూలో వెతికి పట్టుకోవడానికి.