ఫలితాల రోజే గుర్తొచ్చే ప్రతిభ

పదో తరగతి ఫలితాలు రాగానే అమలాపురం నుంచి భీమవరం దాకా సెంటర్లన్నీ ఫ్లెక్సీలతో నిండిపోతాయి. నాయకులు శాలువాలు కప్పుతారు, అధికారులు మెమెంటోలు ఇస్తారు. ఆ పిల్లలకు ఒకటి నుంచి తొమ్మిది దాకా బడి ఏమిచ్చిందని అడిగేవాళ్లు వేదిక మీద ఒక్కరూ ఉండరు.

నాలుగో తరగతి లెక్కలు పది నిమిషాల్లో ముగించిన పాపకు మన బళ్లలో దొరికే పని ‘పక్కవాళ్లకు చూపించమ్మా’ అన్నదే. ఒక్క గదిలో రెండు మూడు తరగతులు నడుపుతున్న టీచర్‌ను తప్పుపట్టలేం. ఆ పాపకు ఇంకో పుస్తకం ఇవ్వమని టీచర్‌కు ఎవరూ చెప్పలేదు, ఇవ్వడానికి పుస్తకమూ లేదు. హైస్కూల్‌కు వచ్చేసరికి పాప మాట్లాడకుండా కూర్చోవడం అలవాటు చేసుకుంటుంది. వరదొస్తే గోదావరి మధ్యనుండే లంక గ్రామాల పిల్లలకు ఆ కాస్త బడీ ఉండదు. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తుంటే అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు కోనసీమలో ఎందరో. వాళ్లలో ఉన్న తెలివిని బడి చూడకపోతే ఇంకెవరు చూస్తారు?

2023లో జరిగిన ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి సాత్విక్‌సాయిరాజ్ బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం గెలిస్తే ‘మా అమలాపురం కుర్రాడు’ అని అందరం పొంగిపోయాం. ఆయన తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆట తెలిసిన మనిషి ఇంట్లోనే ఉన్నాడు. అలాంటి తండ్రి లేని పిల్లల సంగతి ఏమిటి?

అందరికీ చదవడం, రాయడం రాకుండానే కొందరి కోసం ఏర్పాట్లేమిటని కొందరు అంటారు. వెనకబడిన పిల్లల మీద శ్రద్ధ పెట్టాల్సిందే, కాదనం. అయితే 2009 విద్యాహక్కు చట్టంలోని 24వ సెక్షన్ ప్రతి పిల్లవాడి సామర్థ్యాన్నీ అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించమంటోంది. ‘ప్రతి’ అంటే వెనకబడినవాళ్లే కాదు, ముందున్నవాళ్లు కూడా. ప్రత్యేక ఆసక్తి, ప్రతిభ ఉన్నవాళ్లకు అదనపు సామగ్రి ఇవ్వాలని, సబ్జెక్టుల వారీగా క్లబ్బులు పెట్టాలని 2020 జాతీయ విద్యా విధానం రాసింది. మన బళ్లలో ఆ క్లబ్బులెక్కడ?

ఉన్నవన్నీ ఏరుకునే పరీక్షలే. పెద్దాపురం నవోదయ ఆరో తరగతికి పిల్లల్ని ఏరుకుంటుంది. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష (పేదింటి పిల్లలకు కేంద్రమిచ్చే స్కాలర్‌షిప్ కోసం పెట్టేది) రాసి గెలిస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. పది పాసయ్యాక నూజివీడు ట్రిపుల్ ఐటీ. 1963లో మొదలైన జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష 2021 తర్వాత ఆగిపోతే ఇక్కడ ఒక్క నాయకుడూ గట్టిగా అడగలేదు. ఏరుకోక ముందు ఎవరికీ ఏమీ లేదు. ఏరుకోగా మిగిలినవాళ్లకు ఆ తర్వాతా ఏమీ లేదు.

ప్రైవేటు బళ్లలో ఇంకో అన్యాయం. ఆరో తరగతిలోనే ఒక పరీక్ష పెట్టి టాపర్స్ సెక్షన్ విడదీస్తారు. మంచి లెక్కల మాస్టారు ఆ సెక్షన్‌కే వెళతారు. ఫీజు మాత్రం మిగతా సెక్షన్ల తల్లిదండ్రులూ కడతారు. పదకొండేళ్ల పిల్లలకు ‘నువ్వు మామూలు బ్యాచ్’ అని ముద్ర వేస్తారు. బొమ్మలు గీసే పిల్లకు, కథలు రాసే పిల్లవాడికి ఏ సెక్షనూ లేదు.

చేయగలిగినవి చాలానే ఉన్నాయి. లెక్కల్లో ముందున్న నాలుగో తరగతి పాపను ఆ ఒక్క పీరియడ్‌కు పై తరగతిలో కూర్చోనివ్వవచ్చు. దగ్గరి బళ్లను కలిపిన స్కూల్ కాంప్లెక్స్‌కు ఒకరు చొప్పున టీచర్‌కు శిక్షణ ఇచ్చి ఈ బాధ్యత అప్పగించవచ్చు. బీరువాలో తాళం వేసిన లైబ్రరీ పుస్తకాలు బయటకు తీయవచ్చు. ఎన్‌ఎంఎంఎస్ దరఖాస్తు పెట్టించడం హెడ్మాస్టర్ దయ మీద ఆధారపడకుండా చూడవచ్చు.

జూన్‌లో బళ్లు తెరిచేలోగా మూడో తరగతి నుంచి పైకి ఏ బడిలో, ఏ తరగతికి ఏం చేయబోతున్నారో జిల్లా విద్యాశాఖాధికారులు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పలేకపోతే, వచ్చే ఫలితాల రోజున ఆ పిల్లల పక్కన నిలబడి ఫొటోలు దిగవద్దు.