ముందు లైఫ్‌గార్డ్, తర్వాతే బీచ్

పాతికమంది బంధువులు కలిసి సెలవులకు వెళ్దామనుకున్నప్పుడు చర్చంతా గదుల చుట్టూ, తేదీల చుట్టూ తిరుగుతుంది. అవి తేలాక ఎవరో ఒకరు గ్రూపులో ఫొటో పెడతారు. నీలి నీళ్లు, తెల్లటి ఇసుక, కనుచూపుమేరలో మనిషన్నవాడు లేడు. అంతే, అందరూ సరే అనేస్తారు. గట్టు మీద కూర్చుని చూడ్డానికైతే ఆ బీచ్ భేషుగ్గా ఉంటుంది. ఈతకు దిగాలనుకుంటే మాత్రం ఆ ఫొటోలో మొదట అనుమానించాల్సింది ఆ నిర్మానుష్యాన్నే. జనం రాని చోట లైఫ్‌గార్డును ఎవరు పెడతారు?

కుటుంబమంతా నీళ్లలో దిగాలంటే లైఫ్‌గార్డులున్న బీచే కావాలి. ఇసుక, వ్యూ, రిసార్టు, పార్కింగు అన్నీ ఆ తర్వాతే. ఇది అతిజాగ్రత్త అనిపించొచ్చు గానీ లెక్కలు ఇటువైపే ఉన్నాయి. అమెరికాలోని లైఫ్‌గార్డుల సంఘం యూఎస్ఎల్ఏ అంచనా ప్రకారం, తమ సభ్యులు కాపలా కాసే బీచ్‌లో మనిషి మునిగి చనిపోయే అవకాశం 1 కోటి 80 లక్షల్లో ఒకటి. నీళ్లలో కాలు పెట్టకుండా ఇంటికి పోయినవాళ్లు కూడా ఆ లెక్కలో ఉంటారు కాబట్టి దాన్ని కాస్త తగ్గించుకునే చదవాలి. తగ్గించుకున్నా చిన్న భరోసా కాదు. 1938 ఫిబ్రవరి 6న సిడ్నీలోని బాండై బీచ్‌లో వరుసగా విరుచుకుపడ్డ పెద్ద అలలు వందలమందిని ఒక్కసారిగా లోపలికి ఈడ్చుకుపోయాయి. ఆ ఆదివారం లైఫ్‌సేవర్లు పెద్ద సంఖ్యలో ఒడ్డునే ఉన్నారు. సుమారు 250 మందిని రక్షించాల్సి వచ్చింది, ఐదుగురు చనిపోయారు. ఆ లైఫ్‌సేవర్లు లేకపోయుంటే ఆ ఐదు ఎంతయ్యేదో!

లైఫ్‌గార్డుల పనిలో సింహభాగం రిప్ కరెంట్లతోనే, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి లాక్కుపోయే నీటి పాయలతోనే. అలలు విరిగే బీచ్‌లలో వాళ్లు కాపాడేవారిలో 80 శాతానికి పైగా వీటికి చిక్కినవాళ్లేనని యూఎస్ఎల్ఏ చెబుతోంది. అలలు ఒడ్డుకు తోసిన నీళ్లు మళ్లీ సముద్రంలోకి పోవాలి కదా. ఇసుక మేటల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ ఇరుకు పాయగా వెనక్కి పోతాయి. మామూలుగా వేగం సెకనుకు ఒకటి, రెండు అడుగులే. కానీ ఎనిమిది అడుగుల దాకా కొలిచిన సందర్భాలూ ఉన్నాయని అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా చెబుతోంది. ఆ వేగానికి ఎదురీదడం ఒలింపిక్ ఈతగాళ్ల వల్ల కూడా కాదు.

చిక్కంతా ఈ రిప్ కంటికి కనిపించే తీరులో ఉంది. పాయ ఉన్నచోట లోతు ఎక్కువ, కాబట్టి అక్కడ అలలు విరగవు. రెండు పక్కలా తెల్లగా నురగ, మధ్యలో కాస్త ముదురు రంగులో, పైన చిన్న చిన్న ముడతలతో ఓ నిమ్మళమైన పట్టీ. చంటిపిల్లతో వచ్చిన తల్లి ఏ వైపు నడుస్తుంది? అలలు లేని ఆ పట్టీ వైపే. కాస్త ఎత్తు మీద నిలబడి ఓ పది నిమిషాలు కదలకుండా చూస్తే, నురగ తునకలో, నాచు ముక్కలో, ఇసుక కలిసిన మురికి నీళ్లో ఆ పట్టీ వెంట లోపలికి పోతూ కనిపించొచ్చు. కనిపించకపోతే రిప్ లేదని కాదు. ఫొటోలు ముందు పెట్టి అడిగినా సందర్శకుల్లో ఎక్కువమంది రిప్ ఎక్కడుందో చూపించలేకపోయారని పలు సర్వేల్లో తేలింది. 'మేం చూసుకుంటాంలే' అనే ధీమా ఇక్కడ చెల్లదు.

చిక్కుకుంటే ఏం చేయాలన్నదీ అందరికీ ముందే తెలిసుండాలి. ఒడ్డువైపు ఎదురీదితే మిగిలేది ఆయాసమే. ముందు తేలుతూ ఊపిరి నిలుపుకోవాలి, చెయ్యెత్తి పిలవాలి, ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా ఈదుతూ అలలు విరిగే చోటికి చేరాలి. ఈ పని ఎనిమిదేళ్ల పిల్లాడు చేయగలడా, డెబ్బై ఏళ్ల తాతయ్య చేయగలడా అని అడిగి చూడండి. బీచ్ ఎంపికకు కొలబద్ద మీ గుంపులో బాగా ఈదే మేనల్లుడు కాదు, వాళ్లిద్దరు.

'అయితే అలలే లేని చోటికి పోదాం' అంటారు. ఇందులో సగం నిజముంది. కొండల చాటున ఉండే చిన్న అఖాతాల్లో రిప్ భయం బాగా తగ్గుతుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకూ హాయి. కానీ అలలు తగ్గినచోట మన కాపలా కూడా సడలుతుంది. న్యూయార్క్‌లోని ఆర్చర్డ్ బీచ్ నేరుగా మహాసముద్రానికి ఎదురుగా ఉన్నది కాదు, అలలు తక్కువ. అక్కడ లైఫ్‌గార్డుగా పనిచేసిన ఫ్రాంక్ పియా, మునుగుతున్నవాళ్లు నిజంగా ఎలా ప్రవర్తిస్తారో ఫిల్ముల్లో పట్టి గమనించాడు. కేకల్లేవు, చేతులు ఊపడం లేదు. తల వెనక్కి వాలుతుంది, నోరు నీటి మట్టానికి కాసేపు కింద, కాసేపు పైన. చేతులు పక్కలకు చాచి నీళ్లను కిందికి అదుముతుంటాడు, కనపడని నిచ్చెన ఎక్కుతున్నట్టు. ఊపిరి తీసుకోవడానికే టైమ్ చాలనివాడు కేక ఎలా వేస్తాడు? ఇదంతా 20 నుంచి 60 సెకన్లు. పక్కనే నడుము లోతులో కబుర్లాడుతున్న బాబాయికి పిల్లాడు ఆడుకుంటున్నట్టే అనిపిస్తుంది.

గాలి సంగతి వేరే ఉంది. ఒడ్డు మీంచి సముద్రం వైపు గాలి వీచే రోజున తీరం దగ్గర నీళ్లు నునుపుగా, ముచ్చటగా కనిపిస్తాయి. గాలి నింపిన ట్యూబు మీద కూర్చున్న పిల్లాడు ఆ రోజే దూరం కొట్టుకుపోతాడు. చాలా దేశాల్లో ఇలాంటప్పుడు గాలి దిశ చూపే నారింజ రంగు గాలి సంచీ ఎగరేస్తారు. అది కనిపిస్తే ట్యూబులు, గాలి పరుపులు బ్యాగులోనే ఉండాలి.

ఇక నలుగురున్న ఇంటికి, నలభైమంది కలిసే కుటుంబానికి తేడా ఎక్కడుందో చూద్దాం. పెద్దలు ఎంత ఎక్కువుంటే పిల్లలు అంత భద్రం అనుకుంటాం. నీళ్ల దగ్గర జరిగేది దీనికి విరుద్ధం. తల్లి అత్త చూస్తోందనుకుంటుంది, అత్త మామయ్య ఉన్నాడుగా అనుకుంటుంది, మామయ్య ఫోన్ మాట్లాడుతుంటాడు. పేరు పెట్టి ఒకరికి అప్పగించకపోతే ఎవరూ చూడనట్టే. పావుగంట, ఇరవై నిమిషాలకోసారి మారేలా వంతులేసుకుని, ఆ వంతున్నవాళ్లు ఫోన్, మందు ముట్టకుండా పిల్లల్నే చూడటం ఒక పద్ధతి. లైఫ్‌గార్డు ఉన్నా ఇది తప్పదు.

ఇంతకంటే పెద్ద ప్రమాదం మమకారంతో వస్తుంది. 2017 జులైలో ఫ్లోరిడాలోని పనామా సిటీ బీచ్‌లో ఇద్దరు అబ్బాయిలు రిప్‌లో చిక్కుకున్నారు. వాళ్ల కోసం తల్లి, ఆ వెనకే మిగతా ఇంటివాళ్లు, తెలియనివాళ్లు ఒకరి తర్వాత ఒకరు దిగారు. దిగినవాళ్లంతా అక్కడే ఇరుక్కుపోయారు. ఆ సమయంలో డ్యూటీలో లైఫ్‌గార్డు లేరు. ఒడ్డునున్న సుమారు 80 మంది చేతులు పట్టుకుని గొలుసుగా నిలబడి వాళ్లను బయటికి లాగారు. అందరూ బతికారు. వార్త ప్రపంచమంతా తిరిగింది, గొలుసు ఫొటో చూసి అందరూ మురిసిపోయారు. నాకైతే అందులో మురిసిపోయేది తక్కువే కనిపించింది. పెద్ద అల ఒకటి వచ్చి మధ్యలో చేతులు విడిపోతే ఏమయ్యేది? బిడ్డ కోసం దూకినవాళ్లే చనిపోయే ఘటనలు తరచూ జరుగుతున్నాయని ఆస్ట్రేలియా పరిశోధకులు రిచర్డ్ ఫ్రాంక్లిన్, జాన్ పియర్న్ 2011లో ఓ అధ్యయనంలో చూపించారు. పాతికమంది బంధువులున్న చోట దూకేవాళ్లు పాతికమంది. 'దూకొద్దు, తేలేది ఏదైనా విసరండి' అని ముందే చెప్పినా ఆ క్షణంలో తల్లి ఆగదు. ఆగదు కాబట్టే, ఆమెకంటే ముందు పరిగెత్తడానికి చేతిలో రెస్క్యూ ట్యూబున్న మనిషి అక్కడ ఉండాలి.

బ్లూ ఫ్లాగ్ గురించి ఒక మాట. బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు ఇది. 1985లో ఫ్రాన్స్‌లో మొదలైన ఈ గుర్తింపు ఉంటే చాలు, ఈతకు ఢోకా లేదని చాలామంది అనుకుంటారు. నీటి నాణ్యతకు, నిర్వహణకు అది మంచి సూచికే. కానీ భద్రత విషయంలో దాని నియమం 'లైఫ్‌గార్డులు లేదా ప్రాణరక్షక పరికరాలు' తగినన్ని ఉండాలన్నది. ఆ 'లేదా' దగ్గర ఆగాలి. గోడకు వేలాడే రెస్క్యూ ట్యూబు తనంతట తాను నీళ్లలోకి దూకదు.

లైఫ్‌గార్డులు ఒడ్డున పాతే జెండాల్లో గుర్తుపెట్టుకోవాల్సింది ఎరుపు, పసుపు సగం సగం ఉన్నది. అలాంటి రెండు జెండాల మధ్య మాత్రమే ఈదాలి. ఒట్టి ఎరుపైతే దిగకూడదు. నలుపు తెలుపు గళ్లది సర్ఫింగ్ వాళ్ల చోటు. ఒడ్డు నిటారుగా ఉండి అల నేరుగా ఇసుక మీద విరిగే బీచ్‌లు మెడకు ప్రమాదం. హవాయిలోని శాండీ బీచ్‌కి ఆ పేరే ఉంది. భారీ వాన పడ్డాక ఒకటి రెండు రోజులు కాలువలు, నదులు కలిసే చోట్లకు పోకపోవడం మేలు, మురుగంతా అక్కడికే చేరుతుంది.

చాలా బీచ్‌లలో లైఫ్‌గార్డులు ఏడాది పొడవునా ఉండరు. సీజన్‌కు మొదటి తేదీ, చివరి తేదీ ఉంటాయి, రోజుకు డ్యూటీ గంటలుంటాయి. సీజన్ ముగిసిన మర్నాడు రిసార్టు రేటు తగ్గుతుంది, రిప్ తగ్గదు. అడ్వాన్సు కట్టే ముందు రిసార్టు వాళ్లను అడిగితే 'ఏం ఫర్వాలేదండీ, అందరూ దిగుతారు' అనే అంటారు. స్థానిక పాలకవర్గాన్నో, లైఫ్‌గార్డు సర్వీసునో అడగాలి: మేం వచ్చే తేదీల్లో లైఫ్‌గార్డు టవర్లో మనిషి ఉంటారా, ఎన్ని గంటలకు దిగిపోతారు, మా బస నుంచి ఆ టవర్ ఎంత దూరం? జవాబు సరిగా లేకపోతే తేదీలు ఓ వారం జరపడమో, పూల్ ఉన్న బస చూసుకోవడమో చేయాలి. టవర్లో మనిషి దిగిపోయాక నీళ్లు చీలమండ దాటకూడదన్న షరతు కూడా బుకింగ్ రోజునే గ్రూపులో పెట్టండి. అక్కడికెళ్లాక, సాయంత్రం అందరూ హుషారుగా ఉన్నప్పుడు చెబితే వినేవాళ్లుండరు.