మన ఆధార్ జిరాక్స్ ఇప్పుడు ఎవరి దగ్గరుంది?

ఊర్నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి బెంగళూరు మారతహళ్లి బ్రిడ్జి దగ్గర దిగిన కుర్రాడు బ్యాగు కింద పెట్టకముందే పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) మేనేజర్ అడిగే మొదటి మాట, ఆధార్ ఉందా బ్రో, రెండు వైపులా ఫొటో తీసి నా నంబర్‌కి వాట్సాప్ కొట్టు, ఒక జిరాక్స్ ఆ ఫైల్లో పెట్టు. పిల్లోడు పెట్టేస్తాడు. మూడు నెలలకి సాంబారు బాలేదనో నీళ్లు రావట్లేదనో ఇంకో పీజీకి మారతాడు, అక్కడ మళ్లీ ఇస్తాడు. పాత చోట ఇచ్చిన కాపీ ఏమైందని అడిగినవాళ్లని మేం ఇంతవరకు చూళ్లేదు. ఆ మేనేజర్ ఈపాటికి పని మానేసి సొంతూరు వెళ్లిపోయుంటాడు, ఫోన్ మాత్రం అతనిదే కదా, మన ఆధార్ ఇంకా ఆ గ్యాలరీలోనే ఉంటుంది.

మొన్న సాయంత్రం మా పత్రిక ఆఫీసు కింద బజ్జీల బండి దగ్గర పొట్లం విప్పితే లోపలి కాగితం ఎవరిదో ఆధార్ జిరాక్స్. నూనె పీల్చి ఒకవైపు అద్దంలా అయిపోయింది గానీ పేరు, పుట్టిన తేదీ, సన్నాఫ్ అని తండ్రి పేరు, అనంతపురం జిల్లాలో ఊరు, 12 అంకెలూ బాగానే కనిపిస్తున్నాయి. ఫొటో మీదుగా అడ్డంగా సంతకం పెట్టి, పక్కన "ఫర్ రూమ్ ఓన్లీ" అని పెన్నుతో రాసుకున్నాడు ఆ అబ్బాయి. అంటే జాగ్రత్త ఉన్నవాడే. అంత జాగ్రత్తగా ఇచ్చిన కాగితం మిరపకాయ బజ్జీ కిందకి వచ్చింది.

ఏముందిలే అందులో, అందరికీ తెలిసిన పేరూ ఊరే కదా అంటారు చాలామంది. కస్టమ్స్ నుంచి మాట్లాడుతున్నాం, మీ పేరు మీద వచ్చిన పార్శిల్లో డ్రగ్స్ దొరికాయి అని ఫోనొస్తే మొదట ఎవరూ నమ్మరు. కానీ అవతలివాడు మన ఆధార్ నంబర్ టకటకా చదివేస్తాడు, నాన్న పేరు చెప్తాడు, ఊళ్లో ఇంటి నంబరు పిన్‌కోడ్‌తో సహా చెప్తాడు, అక్కడ గుండె జారిపోతుంది. ఆ తర్వాత వీడియో కాల్లో యూనిఫాం, వెనకాల పోలీస్ బోర్డు, డిజిటల్ అరెస్ట్ అంటూ గంటల తరబడి కెమెరా ముందు నుంచి కదలనివ్వకపోవడం, ఎఫ్‌డీలు బద్దలుకొట్టించి డబ్బు పంపించుకోవడం, ఇదంతా వరసగా జరిగిపోతుంది. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు, ప్రధాని కూడా 2024 అక్టోబర్‌లో మన్ కీ బాత్‌లో ఈ మాటే చెప్పారు, అయినా సాఫ్ట్‌వేర్‌లో పదేళ్లు చేసినవాళ్లు కూడా మోసపోతున్నారంటే తెలివి లేక కాదు. తన వివరాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు నిజంగా పోలీసే అయ్యుంటాడన్న భయం.

ఇదేదో మేమే కొత్తగా కనిపెట్టి చెప్తున్న విషయం కాదు. 2022 మే 27న ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ బెంగళూరు ప్రాంతీయ ఆఫీసే ఒక ప్రకటన ఇచ్చింది, ఆధార్ జిరాక్సులు ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వకండి, చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, లైసెన్సు లేని హోటళ్లు, సినిమా హాళ్లు కాపీలు తీసుకుని దాచుకోకూడదు అని. జనం కంగారు పడుతున్నారని రెండ్రోజుల్లో కేంద్రం దాన్ని వెనక్కి తీసేసుకుంది, మామూలు జాగ్రత్తలు తీసుకుంటే చాలంది. మా అభిప్రాయంలో అది పొరపాటు. ఆ రెండ్రోజుల్లో పీజీలవాళ్లూ హోటళ్లవాళ్లూ కాస్త వెనక్కి తగ్గేలా కనిపించారు, వెనక్కి తీసుకోగానే ఫైళ్లు మళ్లీ లావెక్కడం మొదలైంది.

అసలు ఆధార్‌ని సవాలు చేస్తూ వ్యక్తిగత గోప్యత కోసం కోర్టుకెళ్లిన జస్టిస్ పుట్టస్వామి ఈ బెంగళూరులోనే ఉండేవారు. కర్ణాటక హైకోర్టు జడ్జిగా రిటైరైన మనిషి, 86 ఏళ్ల వయసులో 2012లో సుప్రీంకోర్టులో కేసు వేశారు, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్క మాటగా గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. ఆయన 2024లో పోయారు. ఆయన ఉన్న ఊళ్లోనే ఆధార్ కాగితాలు పొట్లాలవుతుంటే మాకు నిజంగా బాధగా ఉంది.

పీజీ ఓనర్లని అడిగితే పోలీసులు అడుగుతారండీ, ఎవరుంటున్నారో వివరాలుండాలి కదా అంటారు. ఉండాలి, కాదనం. దానికి ఒరిజినల్ చూసి పేరు, ఫొటో, ఫోన్ నంబర్, చివరి 4 అంకెలు రిజిస్టర్లో రాసుకుంటే సరిపోదా? మేనేజర్ సొంత వాట్సాప్‌లో ఎందుకుండాలి? 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది, నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, అసలు బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. అందులో ఒక పెద్ద లోటుంది, ఆ చట్టం డిజిటల్ డేటాకే వర్తిస్తుంది, ఫైల్లో ఉన్న ఉత్త జిరాక్సుకి వర్తించదు. కాబట్టి బెంగళూరు పోలీసులే స్టేషన్ల వారీగా పీజీలకి ఒక ముక్క చెప్పాలి, మాస్క్‌డ్ కాపీ చాలు, ఖాళీ చేసిన రోజే దాన్ని చింపేయండి, ఫొటో డిలీట్ చెయ్యండి అని. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

మన చేతిలో ఉన్నవి కూడా ఉన్నాయి. ఆధార్ సైట్లోకి వెళ్లి బయోమెట్రిక్ లాక్ చెయ్యండి, ఎందుకంటే ఆధార్ నంబర్, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే ఓటీపీ లేకుండానే డబ్బు తీసే పద్ధతి ఒకటుంది, 2023లో ఇదే ఊళ్లో ఆస్తి రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలు కాపీ చేసి అకౌంట్లు ఊడ్చేసిన కేసులు బయటపడ్డాయి. కేంద్ర టెలికాం శాఖ సైటు సంచార్ సాథీలో మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకోవచ్చు. కాగితాల మీద సిమ్ ఇవ్వడం 2024 జనవరి 1 నుంచి ఆపేశారు, మంచిదే, కానీ అంతకుముందు మన జిరాక్సుతో ఎవరైనా తీసినవుంటే అవి అక్కడ కనిపిస్తాయి, మనవి కాదని అక్కడే చెప్పొచ్చు.

ఇంకోటి, సిమ్ లాక్. ఫోన్‌కి వేలిముద్ర, ముఖం అన్నీ పెట్టుకుంటాం, సిమ్‌కి మాత్రం ఏమీ ఉండదు. మెజెస్టిక్ బస్టాండ్‌లో బస్సెక్కేటప్పుడు ఫోన్ కొట్టేసినవాడు స్క్రీన్ లాక్‌తో కుస్తీ పట్టడు, సిమ్ పీకి వేరే ఫోన్‌లో వేస్తాడు, ఓటీపీలన్నీ వాడికే వస్తాయి. ఫోన్ కవర్ వెనక డెబిట్ కార్డు పెట్టుకునే అలవాటు మన కుర్రాళ్లలో చాలా ఉంది, కార్డు చివరి 6 అంకెలు, ఎక్స్‌పైరీ, ఓటీపీ ఈ మూడూ ఉంటే కొన్ని బ్యాంకుల్లో యూపీఐ పిన్ మార్చేయొచ్చు. అంటే అన్నీ కలిపి మనమే వాడి చేతిలో పెట్టినట్టు. సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ ఆన్ చేస్తే వేరే ఫోన్‌లో వేసినా పిన్ అడుగుతుంది, మూడుసార్లు తప్పు కొడితే పీయూకే (సిమ్ కంపెనీ ఇచ్చే అన్‌లాక్ కోడ్) లేకుండా తెరుచుకోదు. ఆన్ చేసేముందు మీ సిమ్ కంపెనీ పెట్టిన మొదటి పిన్ ఏంటో కస్టమర్ కేర్‌ని అడగండి, గుడ్డిగా కొట్టకండి. కార్డు ఇవాళే కవర్లోంచి తీసేయండి.

ఇన్ని చేసినా డబ్బు పోతే, సిగ్గుపడి రూమ్మేట్‌కి కూడా చెప్పకుండా రెండ్రోజులు కూర్చోకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, బ్యాంకుకి చెప్పండి. డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి పోతూ ఉంటుంది, బయటికి తీసేలోపు ఆపితేనే దొరికేది. మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా పోయిన డబ్బుని 3 పనిదినాల్లోపు చెప్తే మన మీద భారం ఉండదని ఆర్‌బీఐ 2017లోనే రూల్ పెట్టింది. ఓటీపీ మనమే చెప్పేసినా సరే, బ్యాంకుకి చెప్పిన నిమిషం తర్వాత పోయేది బ్యాంకు లెక్క.

మా ఆఫీసులో క్లాసిఫైడ్ ప్రకటనలు ఇచ్చేవాళ్ల దగ్గర మేం కూడా ఏళ్లుగా ఐడీ కాపీలు తీసుకుంటున్నాం. ఈ వారం బీరువా తెరిచి చూస్తే రెండు అరల నిండా ఉన్నాయి. అన్నీ చేత్తో చింపించి, నీళ్లలో నానబెట్టి పారేశాం. సోమవారం నుంచి కౌంటర్లో కార్డు చూసి, చివరి 4 అంకెలు రాసుకుని, మీ చేతికే తిరిగిచ్చేస్తాం.