రాజాగారిచ్చిన వాచీ

విజయనగరం రాజాగార్లు ఎవరెవరికి వాచీలిచ్చారో ఊళ్ళో చెప్పుకునేదంతా కూడితే, పాపం వాళ్ళకి జమీందారీ చూసుకునే తీరికే ఉండి ఉండదు. పొద్దున్నే కోట గుమ్మంలో నిలబడి దీపాలు పెట్టే వేళ దాకా వాచీలే పంచిపెట్టి ఉండాలి. మా వీధిలోనే అలాంటివి నాలుగున్నాయి. ఐదోది మాది.

మాది మొన్న వేసవిలో బయటపడింది. పెదనాన్న సంవత్సరీకాలయ్యాక బీరువా ఖాళీ చేస్తుంటే పాత పన్ను రసీదుల కింద పొడుం డబ్బా, డబ్బాలో పట్టుగుడ్డ, గుడ్డలో గొలుసు వాచీ. పచ్చగా ఉంది, బరువుగా ఉంది, కదలడం లేదు. మా వంశ లక్షణాలన్నీ ఉన్నాయి కాబట్టి ముత్తాతగారిదేనని ఎవరికీ అనుమానం రాలేదు.

వారసత్వంగా వచ్చిన వాచీకి వెల కట్టడానికి పైదేశాల్లో ఒక పద్ధతి ఉంది. వెనక మూత తీసి, లోపల యంత్రం మీద ఎవరి పేరుందో, ఏ నంబరుందో చూస్తారు. మూత లోపలి ముద్రలు చదువుతారు. డయలు పగిలిందా, ముళ్ళు మార్చారా అని పరీక్షగా చూసి చివర్లో ధర చెబుతారు. మన పద్ధతి దీనికంటే చాలా ముందుకెళ్ళింది. మనం ముందు ధర అనుకుంటాం. తర్వాత ఆ ధరకి తగిన చరిత్ర తెప్పించుకుంటాం. యంత్రం జోలికి అస్సలు పోం. చూస్తే ఒక్క ధరే ఉంటుంది. చూడకపోతే వాటాదార్లు ఎంతమందో అన్ని ధరలు.

మా ఇంట్లో ఈ పని చిన్నాన్న తలకెత్తుకున్నాడు. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ముందు తెలిసిన కంసాలి దగ్గర తూకం వేయించాడు. గొలుసు తీసేసినా తొమ్మిది తులాలు తూగింది. కాటా ముల్లు నిలబడకముందే చిన్నాన్న ఆ రోజు బంగారం రేటుతో గుణించేశాడు. లోపల ఉక్కు స్ప్రింగు, ఇత్తడి చక్రాలు, పైన గాజు, పింగాణీ డయలు కూడా ఆ తూకంలోనే ఉన్నాయి కదా అని నేనంటే, "పెద్దలిచ్చిన వస్తువుని ముక్కలు ముక్కలుగా చూస్తార్రా?" అని కోప్పడ్డాడు.

ఆ రాత్రే ఉల్లిపాయలు కోసే చాకు తెచ్చి వెనక మూత సందులో దూర్చాడు. నిజానికి అంచున గోరు పట్టేంత చిన్న పెదవి ఉంటుంది, దాన్ని నొక్కి లేపితే మడతబందు మీద మూత తెరుచుకుంటుంది. చాకుకి ఆ సంగతి తెలీదు కాబట్టి రెండు గీతలు గీసి మరీ తెరిచింది. మూత లోపల నెలవంక బొమ్మ, దాని కింద సన్నటి ఇంగ్లీషు అక్షరాలు. చిన్నాన్న క్లాసులో చదివినట్టే గొంతు సవరించుకుని చదివాడు: రెండు బంగారు రేకుల మధ్య మిశ్రమ లోహం పెట్టి చేసినది, 20 ఏళ్ళు మన్నుతుందని హామీ. "విన్నారుగా? బంగారమని రాతపూర్వకంగా ఇచ్చాడు!"

బంగారానికి గ్యారంటీ ఎందుకు అన్న ప్రశ్న మా వంశంలో ఎవరికీ తట్టలేదు. మా నానమ్మ కాసులపేరుకి ఎవరూ గ్యారంటీ రాసివ్వలేదు. అది నాలుగు పెళ్ళిళ్ళూ రెండు తాకట్లూ చూసి ఇప్పటికీ అలాగే ఉంది. గ్యారంటీ ఇచ్చేది మిక్సీకి, సీలింగు ఫ్యానుకి. అలా రాసిన, వాచీలకి పైడొప్పలు చేసే బర్మింగ్‌హామ్ డెనిసన్ కంపెనీ వాళ్ళని మాత్రం ఏమీ అనలేం. బంగారం పైరేకేనని, అది అరిగేదేనని, ఎన్నాళ్ళకి అరుగుతుందో కూడా అచ్చు వేసి చెప్పారు. మేం చదవడమే వందేళ్ళు ఆలస్యం చేశాం.

ఉన్న రేకుకి కూడా మా అత్తయ్య మోక్షం ఇచ్చింది. వాచీ నల్లబడిందని జాలిపడి, దీపపు కుందులు తోమే పొడితో, చింతపండు దట్టించి, అరగంట తోమింది. గొలుసు తగిలించే కడియం దగ్గరా, అంచుల వెంటా లోపలి లోహం ఎర్రగా తేలింది. "ఇప్పుడు చూడండి ఎలా మెరుస్తందో!" అని మురిసిపోయింది. నూరేళ్ళు జేబు గుడ్డకి రాసుకుని అరగనిది అరగంటలో అరిగింది. పాత వస్తువు విలువని శుభ్రతంత త్వరగా తగ్గించేది ఇంకొకటి లేదు. దొంగలు కూడా ఇంత నష్టం చేయరు, ఎత్తుకెళ్ళినా తోమరు కదా.

ఇక చరిత్ర. చిన్నాన్న చెప్పినదాని ప్రకారం మా ముత్తాతగారు సంస్థానంలో గురజాడ వారి పక్క బల్ల దగ్గర కూర్చునేవారు. (విజయనగరంలో గురజాడ వారి పక్క బల్ల చాలా పొడుగు. సగం ఊరి ముత్తాతలు అక్కడే కూర్చున్నారు.) ఆయన చేతిరాత చూసి ముచ్చటపడ్డ ఆనంద గజపతి మహారాజు తన జేబులో వాచీ తీసి ఇచ్చేశారు. ఊరంతటికీ టైము చూపించడానికి 1885లో గంటస్తంభం కట్టి ఉండగా ఒక్కొక్క గుమాస్తాకీ విడిగా వాచీ ఎందుకని నేను అడగబోయి మానుకున్నాను.

ఈ చరిత్ర మీద వాచీ వయసు వారంలో నూట యాభై ఏళ్ళకి పెరిగింది. రెండొందలు కూడా దాటేదే, అమెరికాలో ఉన్న మా బావ ఫోన్ చేసి ఉండకపోతే. అక్కడ అమ్మితే డాలర్లొస్తాయి, వచ్చినప్పుడు పట్టుకెళ్తానన్నాడు. అప్పుడు మా మేనల్లుడు, లా చదువుతున్నాడు, 1972 నాటి పురావస్తువుల చట్టం సంగతి బయటపెట్టాడు. వందేళ్ళు దాటిన పురావస్తువుల్ని ప్రైవేటు మనుషులు దేశం దాటించకూడదు. అంతే. నూట యాభై ఏళ్ళ మా వాచీకి రాత్రికి రాత్రి ఎనభై ఏళ్ళయ్యాయి. "రాజావారి కాలందే, కాకపోతే వాడింది ఆలస్యంగా" అని చిన్నాన్న ఇద్దరికీ నచ్చేలా ఒక తీర్పు కూడా ఇచ్చాడు. ఆధార్ కార్డులో కూడా వయసు ఇంత తేలిగ్గా మారదు.

చివరికి గంటస్తంభం దగ్గర సందులో వాచీలు బాగుచేసే ఒకాయన దగ్గరికి వెళ్ళాం. రెండు అడుగుల కొట్టు, బల్ల మీద బోర్లించిన గాజు గ్లాసులు, వాటి కింద ఎవరివో విప్పిన వాచీలు. ఆయన కంటికి అద్దం తగిలించుకుని ముందు మాట్లాడలేదు. చాకు గీతల మీద బొటనవేలితో ఒకసారి రాశాడు. తర్వాత చిన్నాన్న వైపు చూశాడు. ఆ చూపుకి చిన్నాన్న నా వైపు చూశాడు.

ఆయన లోపలి మూత కూడా గోటితో లేపాడు. అప్పుడు చూశాను యంత్రం. ఇన్నాళ్ళూ తూకం వేసిన, తోమిన, దాని మీద పోట్లాడుకున్న వాళ్ళం ఎవరమూ చూడలేదు దాన్ని. తెల్లటి పలక మీద నీటి అలల్లా సన్నటి చారలు, స్క్రూ తలలు నీలంగా, మధ్యలో వెంట్రుక కంటే సన్నటి స్ప్రింగు చుట్టలు చుట్టుకుని. రబ్బరు బుడ్డితో రెండుసార్లు గాలి కొట్టి, పైన బొత్తం నాలుగు చుట్లు తిప్పాడు. చక్రం ఒకసారి వణికి, ఆగి, ఊగడం మొదలుపెట్టింది.

అది అయిదు నిమిషాల్లోనే రెండు నిమిషాలు ముందుకు పోయింది. అది దోషం కాదు, పాత విజయనగరం టైమన్నాడు చిన్నాన్న. మాట వరకూ నిజమే. ఇండియా టైము లెక్క కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖది, దానికి తూర్పున ఉన్న మనకి సూర్యుడు మూడున్నర నిమిషాలు ముందే వస్తాడు. అయితే ఆ ఉమ్మడి టైము 1906 జనవరి 1నే వచ్చేసింది. మరి ఈ వాచీ ఎప్పుడొచ్చింది?

యంత్రం మీద అమెరికన్ వాల్తమ్ అని చేసిన కంపెనీ పేరు, పక్కన పొడుగాటి నంబరు. మేనల్లుడు ఫోన్లో చూసి 1917 అన్నాడు. ఆనంద గజపతి గారు 1897లోనే కాలం చేశారు. కొట్లో టిక్ టిక్ తప్ప ఇంకేమీ వినపడలేదు.

చిన్నాన్న ఎంతో సేపు తీసుకోలేదు. రాజునే మార్చేశాడు. "మరి విజ్జీ గారిచ్చుంటారు." ఇదీ కొట్టిపారేసే మాట కాదు. 1936లో మన క్రికెట్ జట్టుని ఇంగ్లండ్ తీసుకెళ్ళిన విజయనగరం రాకుమారుడు విజ్జీ గారు బంగారు వాచీలిచ్చి, మన ఆటగాడినే రనౌట్ చేయించడంతో సహా, ఏయే పనులు చేయించుకోవాలనుకున్నారో క్రికెట్ వాళ్ళు ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. మా ముత్తాతగారు ఎవరినీ రనౌట్ చేసిన దాఖలా మాత్రం లేదు.

"15 జువెల్స్" అన్న అక్షరాలు కనపడగానే చిన్నాన్నకి మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. కెంపులే, కాదనలేదాయన. చక్రాల ఇరుసులు అరక్కుండా పెట్టే రాళ్ళు, ఒక్కోటి ఆవగింజలో సగం ఉండదు. 1902లో ఫ్రాన్సులో వెర్నూయ్ అనే శాస్త్రవేత్త కొలిమిలో కెంపులు చేసే పద్ధతి బయటపెట్టాక వాటి ధర వాచీలో స్క్రూలతో సమానమైపోయింది. "ఉంగరానికి పనికొస్తాయా?" అని అడిగాడు చిన్నాన్న. "చీమకైతే చేయొచ్చు మాస్టారూ."

అంతా అయ్యాక ఆయన వెనక మూతని దీపం కింద వంచాడు. గ్యారంటీ అక్షరాల పక్కనే సూదితో గీసినట్టు మూడు వరసల అంకెలు. ఒకటి బాగుచేసినవాళ్ళు గుర్తుకి గీసుకున్నదట, వాళ్ళకది అలవాటు. మిగతా రెండూ తాకట్టు నంబర్లయ్యుంటాయన్నాడు. రెండుసార్లు తాకట్టుకి వెళ్ళొచ్చిన వాచీ. లేదా రెండోసారి వెళ్ళి, విడిపించుకునేవాడు రాక, అప్పిచ్చిన వాడికే మిగిలిపోయిన వాచీ. మా ముత్తాతగారు వడ్డీకి తిప్పేవారన్న సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

"అవి సంస్థానం ఖజానా నంబర్లు" అన్నాడు చిన్నాన్న.

ధర ఎంత ఉండొచ్చని నేనే అడిగాను. ఆయన కంటి అద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "ఏటి చెప్పమంటారు మాస్టారూ. చాకెట్టి గీరేశారు, పొడెట్టి తోమేశారు. దీనికి నేనైతే వెల కట్టలేను."

ఇంటికొచ్చేసరికి గుమ్మంలోనే పిన్ని, అత్తయ్య, స్పీకర్ ఫోన్లో బావ. "ఏటి, ఎంతటన్నాడు?" అంది పిన్ని.

చిన్నాన్న చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, కుర్చీలో కూర్చున్నాక చెప్పాడు.

"వెల కట్టలేనన్నాడే."

పిన్ని వాచీని రెండు చేతులతో అందుకుని, కళ్ళకద్దుకుని, బీరువా తాళాలు తెమ్మంది.